పాత కారుకు కొత్త చక్రాలు: బోల్టు పట్టింది కదా అని బిగించేయకండి

మా ఇంట్లో 1985 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. నాన్న కొన్నది. ఇంట్లో ఎవరూ దాన్ని పద్మిని అనరు, ఫియట్ అనే అంటారు. దాని రిమ్ములు లోపలివైపు తుప్పు పట్టి, పొట్టు రేగి, ఏడాదికి రెండు మూడు ట్యూబుల్ని మింగేస్తుంటే కొత్తవి కొందామని బయల్దేరాను. ఒక షాపులో చూడముచ్చటైన అలాయ్ సెట్ కనబడింది. షాపాయన ఒకటి ఎత్తి హబ్బు (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) మీద పెట్టి, నాలుగు బోల్టులూ చేత్తో తిప్పి, "పట్టింది కదా సార్" అన్నాడు. నిజమే, పట్టింది. డబ్బులిచ్చి వచ్చేశాను.

అరవై దాటగానే స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలైంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. చివరికి చక్రం విప్పి వెలుతురులో పెట్టి చూస్తే, రెండు రంధ్రాల్లో బోల్టు తల ఒక పక్కనే ఒరుసుకుని నెలవంకలా మెరుస్తోంది. మిగతా పక్క రంగు కూడా చెదరలేదు. కారు హబ్బు మీద బోల్టుల వలయం కొలత 98 మి.మీ., చక్రాలది 100. తేడా రెండే రెండు మిల్లీమీటర్లు. ముందు బిగించిన బోల్టు చక్రాన్ని తన దిక్కుకు లాక్కుంటే, ఎదుటి బోల్టు ఆ రెండు మిల్లీమీటర్లూ పక్కకు పడి కూర్చుంది.

పట్టడం వేరు, సరిపోవడం వేరు. ఆ సరిపోవడాన్ని షాపుకు వెళ్లకముందే ఇంటి దగ్గర ఎలా తేల్చుకోవాలో చెబుతాను. లెక్కలన్నీ పద్మిని చుట్టూ తిప్పుతాను కానీ అంబాసిడర్ ఉన్నవాళ్లకైనా, పాత మెర్సిడెస్ ఉన్నవాళ్లకైనా పద్ధతి ఒకటే.

కావలసినవి: ఒక వెర్నియర్, స్టీలు స్కేలు, వంకర లేని ఇనుప పట్టీ, చాక్‌పీసు, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే, నోటుబుక్కు. జాకీతో పాటు స్టాండ్లు కూడా ఉండాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద చెయ్యి పెట్టకండి.

మొదటి మెట్టు: కారు పేరు చెప్పి చక్రం అడగొద్దు

పాత కార్ల విషయంలో పేరు మోసం చేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌నే తీసుకోండి. పాతవాటికి 205 మి.మీ. వలయం మీద ఐదు బోల్టులు, 1960ల చివర్లో వచ్చినవాటికి 130 మి.మీ. వలయం మీద నాలుగు. 1965 ఫోర్డ్ మస్టాంగ్‌లో ఆరు సిలిండర్ల బండికి నాలుగు స్టడ్లు (హబ్బులోంచి బయటికి ఉండే, నట్టు ఎక్కించే మర కడ్డీలు), ఎనిమిది సిలిండర్ల వీ8 బండికి ఐదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అమెరికాలో అలాంటి బండి కొనుక్కుని రిపేరు పెట్టుకున్న మనవాళ్లు "సిక్స్టీఫైవ్ మస్టాంగ్ వీల్స్" అని ఆర్డరిస్తే ఏం వస్తుందో వాళ్ల అదృష్టం.

మన దగ్గర ఇంకో తంటా ఉంది. నలభై ఏళ్లలో కారు ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ హబ్బు వేశారో, ఎవరు ముందు డ్రమ్ములు పీకి డిస్క్ బ్రేకులు పెట్టించారో పుస్తకంలో ఉండదు. కాబట్టి మాన్యువల్ చూడండి, కానీ నమ్మాల్సింది హబ్బునే. నాలుగు చక్రాలూ విప్పి నాలుగింటినీ కొలవండి. ముందు రెండూ ఒక రకం, వెనక రెండూ ఒక రకం తేలిన బండిని నేను కళ్లారా చూశాను.

పాత రిమ్ము కంపెనీదే అయితే దాని మీద గుద్దిన అక్షరాలుంటాయి. వైరు బ్రష్‌తో తుప్పు గీకితే బోల్టు రంధ్రాల దగ్గరో, గాలి పిన్ను దగ్గరో బయటపడతాయి. అందులో "4జే×14" లాంటిది కనిపిస్తే 4 అనేది అంగుళాల్లో వెడల్పు, జే అనేది అంచు ఆకారం, 14 వ్యాసం. "ఈటీ" అని పక్కన అంకె ఉంటే అది ఆఫ్‌సెట్ (అదేమిటో నాలుగో మెట్టులో చెబుతాను), మీ పని సగం తగ్గినట్టే. పాత ఇనుప రిమ్ముల మీద చాలాసార్లు అది ఉండదు.

రెండో మెట్టు: పీసీడీ

బోల్టు రంధ్రాల మధ్య బిందువులన్నిటి మీదుగా ఒక వలయం గీస్తే దాని వ్యాసమే పీసీడీ. నాలుగు రంధ్రాలుంటే కొలవడం తేలిక. ఎదురెదురు రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలిచి, దానికి ఒక రంధ్రం వ్యాసం కలపండి. టేపుతో కొలవొద్దు. 98కి, 100కి తేడా టేపు మీద కనిపించదు, నాకు కనిపించలేదు.

ఐదు రంధ్రాలకు ఎదురు రంధ్రం అంటూ ఉండదు. పక్కపక్కన ఉన్న రెండు రంధ్రాల మధ్య బిందువుల దూరాన్ని 1.701తో గుణించండి. 65.8 వస్తే 112, 67.2 వస్తే 114.3. అంటే పాత మెర్సిడెస్ డబ్ల్యూ123కి (దానిది 112), 114.3 చక్రానికి మీరు కొలిచే చోట తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. రంధ్రం కాస్త వదులుగా ఉంటే బోల్టు దూరిపోతుంది. పాత మినీ వాళ్లకూ ఇదే గండం: దానిది నాలుగు అంగుళాలు, అంటే 101.6. బజారు నిండా 100 చక్రాలే.

తేడా ఉన్నా నడుస్తుందని, తల వదులుగా కదిలే వాబుల్ బోల్టులు వేస్తామని ఎవరైనా అంటారు. నా మాట: పాత కారుకు వద్దు. ఉన్న బేరింగులకే వయసైపోయింది.

మూడో మెట్టు: బోల్టు తల, మర, పొడవు

పద్మినికి స్టడ్డూ నట్టూ కాదు, హబ్బులోకి నేరుగా దిగే బోల్టు. కాబట్టి చక్రం మారితే బోల్టు కూడా మారాల్సి రావచ్చు. ఇది చాలామంది పట్టించుకోరు.

తల కింద ఆకారం చూడండి. శంఖువులా ఏటవాలుగా ఉందా, బంతిలా గుండ్రంగా ఉందా? మెర్సిడెస్, ఫోక్స్‌వ్యాగన్‌లది బంతి. ఫియట్‌ది శంఖువు. చక్రం రంధ్రంలోని గుంట కూడా అదే ఆకారంలో ఉండాలి. శంఖువు గుంటలో బంతి తల వేస్తే మొత్తం బరువంతా సన్నటి గీత మీద ఆనుతుంది. ఎంత బిగించినా కొన్నాళ్లకు వదులవుతుంది. సులువైన పరీక్ష: గుంటలో చాక్‌పీసు పూసి, బోల్టు పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పి తీయండి. చాక్ చుట్టూరా ఒకేలా చెరిగితే సరి. గీతలా ఒకచోటే చెరిగితే ఆ బోల్టు ఆ చక్రానికి కాదు.

మర సంగతి. ఫియట్‌ది ఎం12, మర అడుగు (ఒక చుట్టుకు బోల్టు దిగే దూరం) 1.25 మి.మీ. బజారులో దండిగా దొరికేది 1.5. రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలియదు. మొదటి రెండు చుట్లు చేత్తో దిగి మూడోది బిగుసుకుంటే ఆపేయండి. అక్కడ పానా వేసి బలవంతం చేస్తే హబ్బు మర పోతుంది. దాన్ని బాగుచేయించడం కొత్త చక్రం కొనడం కన్నా ఖర్చు.

పొడవు లెక్క ఇది. బోల్టు ఎంత లావో కనీసం అంత లోతు హబ్బులోకి దిగాలి. ఎం12 అంటే 12 మి.మీ. 1.25 మరకు దాదాపు పది చుట్లు, 1.5 మరకు ఎనిమిది. అలాయ్ మందంగా ఉంటుంది కాబట్టి పాత ఇనుప రిమ్ము బోల్టులు అందులో నాలుగైదు చుట్లే పడతాయి. చుట్లు లెక్కపెట్టండి. పెద్ద కష్టం కాదు, చక్రానికి అర నిమిషం.

మధ్య రంధ్రం గురించి రెండు ముక్కలు. చక్రం మధ్యనున్న పెద్ద రంధ్రం హబ్బు ముక్కు కన్నా చిన్నదైతే అసలు ఎక్కదు. పెద్దదైతే ఎక్కుతుంది గానీ మధ్యలో నిలబెట్టేది ఏమీ ఉండదు. ఆ ఖాళీకి సరిపడే రింగు లేతు షాపులో తిప్పించుకోవచ్చు. రెండు వ్యాసాలూ వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసి ఇవ్వండి, "ఇంచుమించు ఇంత" అని నోటితో చెప్పకండి.

నాలుగో మెట్టు: ఆఫ్‌సెట్

అసలు సమస్య ఇక్కడుంది. చక్రం బయటికి ఎంత వచ్చిందో అందరూ చూస్తారు. లోపలికి ఎంత పోయిందో ఎవరూ వంగి చూడరు.

చక్రాన్ని నిలువునా చీల్చినట్టు ఊహించుకోండి. వెడల్పుకు సరిగ్గా నడిమధ్య ఒక గీత. హబ్బుకు ఆనే చదును ఆ గీత కన్నా బయటివైపు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో అదే ఆఫ్‌సెట్, జర్మన్ మాటను బట్టి ఈటీ. అంకె పెరిగితే చక్రం కారు లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది.

కొలవడం ఇలా. టైరు తీసేసిన రిమ్మును ముఖం కిందికి పెట్టి బోర్లించండి, కింద పాత దుప్పటి వేసుకోండి. లోపలి అంచు మీద అడ్డంగా ఇనుప పట్టీ పెట్టి, పట్టీ నుంచి హబ్బుకు ఆనే చదును దాకా స్కేలు దించండి. అది వెనక లోతు. తర్వాత అంచు నుంచి అంచుకు మొత్తం వెడల్పు కొలవండి. జాగ్రత్త, 4జే అంటే టైరు కూర్చునే చోట 4 అంగుళాలు. రెండు వైపులా అంచు మందం కలుపుకుంటే దాదాపు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది. మొత్తం వెడల్పులో సగాన్ని వెనక లోతులోంచి తీసేస్తే వచ్చేదే ఈటీ.

ఉదాహరణకి మీ 4జే రిమ్ము అంచు నుంచి అంచుకు 126 మి.మీ., వెనక లోతు 88 మి.మీ. వచ్చాయనుకుందాం. సగం 63. 88లోంచి 63 పోతే ఈటీ 25.

ఇప్పుడు ఎవరో ఒక ఫియట్ పాలియో అలాయ్ సెట్ అమ్ముతామన్నారు. పాలియోది కూడా 4×98 (నాలుగు బోల్టులు, పీసీడీ 98), బోల్టులు పడతాయి, పైగా అదే ఇంటి పేరు. ఆశ పుడుతుంది. అది 5.5జే, ఈటీ 38 అనుకోండి. వెడల్పు ఒకటిన్నర అంగుళం పెరిగింది, అంటే గీతకు ఇటూ అటూ 19 మి.మీ. చొప్పున. ఈటీ 13 పెరిగింది, అంటే చక్రం మొత్తం 13 మి.మీ. లోపలికి జరిగింది. బయటివైపు: 19లోంచి 13 పోతే 6. లోపలివైపు: 19కి 13 కలిపితే 32.

బయటి నుంచి చూసేవాళ్లకు ఆరు మిల్లీమీటర్ల మార్పు, "భలే సెట్టయిందే" అంటారు. లోపల మాత్రం బొటనవేలు వెడల్పు కన్నా ఎక్కువ పోయింది. పద్మినికి ముందు విష్‌బోన్లు, స్టీరింగ్ రాడ్డు చివర్లు, వెనక పట్టీల స్ప్రింగులు ఉన్నాయి. ఆ 32 మి.మీ. ఎక్కడి నుంచి వస్తుంది?

వాచరులాంటి స్పేసర్లు వేసి బయటికి తోస్తే సరిపోతుందంటారు. లోపల సర్దుకునేంత స్పేసరు వేస్తే బయట మడ్‌గార్డుకు తగులుతుంది, బోల్టు మళ్లీ పొట్టిదైపోతుంది. పైగా చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండి కాబట్టి ఆ బరువు మీ భుజాలకే తెలుస్తుంది. పాత కారుకు ఈటీ 5 మి.మీ. అటూ ఇటూ, వెడల్పు అర అంగుళం నుంచి ఒక అంగుళం వరకు పెరిగితే చాలు, అంతకు మించి నేను పోను.

ఐదో మెట్టు: ఖాళీ కొలవడం

లెక్క కుదిరాక బండి మీద చూడాలి. చక్రం ఉండగా టైరు లోపలి గోడ నుంచి దగ్గరగా ఉన్న ఇనుము దాకా ఎంత ఖాళీ ఉందో నాలుగు చోట్లా కొలిచి రాసుకోండి. ముందు చక్రాలకు స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి ఒక్కోసారి. వెనక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి వెనక మడ్‌గార్డ్ కింద ఇంకోసారి. మా ఇంట్లో ఈ పనికి బాబాయి, అత్తయ్య, పక్కింటాయన కూర్చున్నారు. అత్తయ్య దిగేటప్పుడు "ఎక్కడికీ తీసుకెళ్లలేదేం?" అంది. స్ప్రింగు అరిగిన బండికి ఈ కొలతే ఎక్కువ నిజం చెబుతుంది.

టైరుకూ స్ప్రింగుకూ మధ్య, టైరుకూ రేకుకూ మధ్య వేలు పట్టేంత, అంటే 12 నుంచి 15 మి.మీ. మిగలాలని నా లెక్క.

డిస్క్ బ్రేకులు పెట్టించిన బండికైతే కాలిపర్ (డిస్కును నొక్కిపట్టే భాగం) సంగతి కూడా చూడాలి. అరువు తెచ్చిన చక్రం ఒక్కటి చాలు. కాలిపర్ మీద అన్నిటికన్నా పొడుచుకొచ్చిన చోట గోలీకాయంత క్లే ముద్ద అంటించి, చక్రం ఎక్కించి, రెండు బోల్టులు చేత్తో బిగించి మెల్లగా ఒక చుట్టు తిప్పండి. తీసి చూస్తే క్లే ఎంత మందానికి నలిగిందో అదే మీ ఖాళీ. మూడు మి.మీ. కన్నా పల్చబడితే ఆ చక్రం వదిలేయండి.

ఆరో మెట్టు: టైరును బట్టి రిమ్ము

పద్మినికి కంపెనీ ఇచ్చింది 5.20-14 క్రాస్‌ప్లై (లోపలి దారాలు ఏటవాలుగా అల్లిన పాతరకం) టైరు, అంబాసిడర్‌కు 5.90-15. 5.20-14 పూర్తి ఎత్తు దాదాపు 610 మి.మీ. ఇప్పటి రేడియల్‌తో ఆ ఎత్తుకు దగ్గరగా రావాలి. లెక్క: టైరు వెడల్పును (155/80లో 155 మి.మీ.) శాతంతో (అందులో 80) గుణించి, రెట్టింపు చేసి, 14 అంగుళాలకు 355.6 కలపండి. 155/80 ఆర్14కు 604, స్విఫ్ట్‌కు వేసే 165/80 ఆర్14కు 620, 175/70 ఆర్14కు 601 వస్తాయి. మూడూ రెండు శాతం లోపే. అదే అందం కోసం 15 అంగుళాల రిమ్ము, 195/50 టైరు వేస్తే 576కు పడిపోతుంది. స్పీడోమీటరు 100 చూపించినప్పుడు మీరు వెళ్లేది 94. బండి నేలకు కూడా దగ్గరవుతుంది, మన స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలిసిందే.

ఎత్తు కుదిరితే చాలదు, రిమ్ము వెడల్పు కూడా టైరుకు సరిపోవాలి. 155/80, 165/80 టైర్లకు 4 నుంచి 5.5 అంగుళాల రిమ్ము వేయొచ్చు. 175/70కి కనీసం 4.5 కావాలి. పాత 4జే మీద 175 ఎక్కించి తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. టైరు ఉబ్బిన బూరెలా కనిపిస్తుంది, మలుపుల్లో గోడ మీద ఒరుగుతుంది. నన్నడిగితే పద్మినికి 4.5జే లేదా 5జే ఇనుప రిమ్ము, 165/80 టైరు. చూపుకూ బాగుంటుంది, వీల్ క్యాపూ పెట్టుకోవచ్చు.

పాత రిమ్ములు చాలావాటికి టైరు అంచు జారిపోకుండా ఆపే చిన్న గట్టు ఉండదు, వాటి మీద ట్యూబ్‌లెస్ టైరు ట్యూబు లేకుండా వేయకూడదు. రేడియల్‌కు సరిపోయే ట్యూబే అడిగి వేయించండి. క్రాస్‌ప్లై, రేడియల్ కలిపి వాడొద్దు. ఒకే యాక్సిల్ మీద అయితే అసలే వద్దు. టైరు గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. పాత కార్ల టైర్లు అరిగి కాదు, ముసలై పోతాయి.

స్పోకుల చక్రాలు వేరే కథ. వాటిలో చాలావాటికి బోల్టుల వలయమే ఉండదు, హబ్బు మీది పళ్లలో కూర్చుంటాయి. ఆ పళ్ల కొనలు కత్తిలా పదునెక్కితే హబ్బు, చక్రం రెండూ మార్చాలి.

ఏడో మెట్టు: పాత రిమ్ము కొనేటప్పుడు

అసలు రిమ్ములే కావాలనుకుంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. కొత్తగా రంగు కొట్టింది కన్నా తుప్పుతో ఉన్నదే కొంటాను నేను. తుప్పు అబద్ధం చెప్పదు, రంగు చెబుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు, కోడిగుడ్డు ఆకారానికి సాగిన రంధ్రాలు, మధ్య పళ్లేనికీ చుట్టుకూ మధ్య వెల్డింగు చేసిన మచ్చలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బేరమాడొద్దు.

వంకర చూడ్డానికి మీ హబ్బుకే ఎక్కించి, స్టాండు మీద లేపి, రిమ్ము అంచుకు ఆనీ ఆననట్టు ఒక పెన్సిల్‌ను ఇటుకకు కట్టి నిలబెట్టండి. చక్రం తిప్పుతూ ఖాళీ ఎంత మారుతుందో చూడండి. మిల్లీమీటరున్నర దాటితే వద్దు. అలాయ్ అయితే వెనకవైపు జేడబ్ల్యూఎల్ లాంటి పరీక్ష ముద్ర, ఎంత బరువు మోస్తుందో ఆ అంకె ఉన్నాయా అని చూడండి.

బండికి యాభై ఏళ్లు దాటి, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ మీద ఆశ ఉంటే అసలు రూపం చెడగొట్టకపోవడం మంచిది. పాత రిమ్ములు అమ్మేయకుండా అటక మీద పెట్టండి.

బిగించే రోజు

హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో మెరిసేదాకా తుడవండి. అక్కడ ఒక తుప్పు పెచ్చు మిగిలినా చక్రం వంకరగా కూర్చుంటుంది. అన్ని బోల్టులూ ముందు చేత్తో దించి, తర్వాత ఎదురెదురుగా బిగించండి. ఎం12 బోల్టుకు చాలా కార్లలో 80 నుంచి 100 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. పైపు తగిలించి పానా మీద ఎక్కి తొక్కనివ్వకండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి, కొత్త చక్రాలు మొదట్లో కాస్త సర్దుకుంటాయి.

ఇక స్టెప్నీ. నాలుగు అలాయ్‌లు వేసి డిక్కీలో పాత ఇనుప రిమ్మే ఉంచుకుంటే, పంక్చరైన రోజు అలాయ్ కోసం కొన్న పొడుగు బోల్టులతోనే దాన్ని బిగిస్తారు. ఇనుప రిమ్ము పల్చన కాబట్టి బోల్టు కొన హబ్బు దాటి లోపల బ్రేకు సామాను మీదికి పొడుచుకుంటుంది, చక్రం అక్కడే బిగుసుకుపోవచ్చు. అందుకే నా డిక్కీలో స్టెప్నీ మధ్య రంధ్రానికి ఒక గుడ్డ సంచి కట్టి ఉంటుంది. అందులో నాలుగు పొట్టి బోల్టులు, వాటితో పాటు "ఇనుప రిమ్ముకు ఇవే" అని నాన్న చేతిరాతతో ఒక చీటీ.